ఉడుంపట్టు – లేతు మిషనుపై ‘జాబ్’ బిగించిన చరిత్ర



ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు కోరినారు. రాజుల గూర్చి, కోటల గూర్చి, దేవాలయాల గూర్చి సాధికారంగా వ్రాయగల పెద్దలు మన సంఘంలో పలువురున్నారు. అందుచేత నేను ఆ జోలికి పోకుండా, సాధారణంగా ఎవరూ చరిత్రగా భావించని ఒక విషయాన్ని ఎంచుకున్నాను. లేతు మిషను మీద ఇనుప ముక్కను ఎట్లా పట్టి బిగిస్తారు, ఆ పట్టు తప్పితే ఏమవుతుంది, తప్పకుండా ఉండటానికి మనుషులు ఎన్ని వందల ఏళ్ళు ఆలోచించారు అన్నదే ఈ వ్యాస విషయం.

“గుమాస్తాకు లేతుతో ఏమి సంబంధం?” అని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను కలం పట్టినవాడినే గాని లేతు పట్టినవాడిని కాను. 1974లో ఎల్.డి.సి.గా చేరింది మొదలు 2009లో పదవీ విరమణ చేసేవరకు నా సర్వీసులో అధిక భాగం ఫ్యాక్టరీ ప్రమాదాల కాగితాలు వచ్చే సెక్షనులో గడిచింది. పనివాడు గాయపడి 48 గంటలు గాని అంతకు మించి గాని పనికి రాలేకపోతే యాజమాన్యం నోటీసు పంపవలసి ఉండేది. ఆ నోటీసులో ‘కారణము’ అన్న చోట చాలా తరచుగా రెండే రెండు మాటలు కనిపించేవి: “కార్మికుని అజాగ్రత్త.” ఆ రెండు మాటలను రిజిస్టరులో ఎక్కించుకుంటూ పోవడమే మా పని. పదవీ విరమణ తర్వాత తీరిక దొరికింది. గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలు చదివి, అనుభవజ్ఞులైన టర్నర్ల వద్ద కూర్చుని విన్న తర్వాత నాకు తెలిసివచ్చినదేమంటే, ఆ రెండు మాటల వెనుక రెండు వేల మూడు వందల ఏళ్ళ కథ ఉన్నది.

తిరిగేది పనిముట్టు కాదు, పని

మనబోటి వారికి ‘జాబ్’ అంటే ఉద్యోగం. టర్నరుకు ‘జాబ్’ అంటే తాను చెక్కవలసిన ముక్క. డ్రిల్లింగు మిషనులో బర్మా తిరుగుతుంది, జాబ్ కదలకుండా ఉంటుంది. రంపపు మిషనులో రంపం తిరుగుతుంది. లేతులో మాత్రం వ్యవహారం తారుమారు. పనిముట్టు నిలిచి ఉంటుంది, జాబ్ గిరగిర తిరుగుతుంది. కుమ్మరి సారె మీద మట్టి ముద్ద తిరిగినట్లే అనుకోవచ్చు. కాని మట్టి ముద్ద సారెకు అంటుకుని ఉంటుంది. ఇనుప కడ్డీ అట్లా ఉండదు. దానిని ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలి.

ఆ పట్టుకు నాలుగు గుణాలుండాలి. ఒకటి, జాబ్ సరిగ్గా నడిమధ్యకు నిలవాలి. రెండు, ఉలి ఒత్తిడికి జారకూడదు. మూడు, మిషను తిప్పే బలం జాబ్‌కు పూర్తిగా అందాలి. నాలుగు, ఆ పట్టే వచ్చి మనిషిని పట్టుకోకూడదు. మొదటి మూడింటికి మేధావులు 1840 నాటికే సమాధానాలు కనిపెట్టారు. నాలుగవదానికి మరో వంద ఏళ్ళు పట్టింది. ఈ ఆలస్యమే నా వ్యాసానికి మూలం.

రెండు మొనల మధ్య

లేతుకు సంబంధించి మనకు దొరికే ప్రాచీనమైన బొమ్మ ఈజిప్టులో పెటోసిరిస్ అనే పూజారి సమాధి గోడ మీద ఉన్నది. సుమారు క్రీస్తుపూర్వం 300 నాటిది. ఒక మనిషి జాబ్‌కు చుట్టిన తాడును ఇటూ అటూ లాగుతుంటాడు, ఇంకొక మనిషి ఉలి పట్టుకుంటాడు. జాబ్ రెండు మొనల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఈ రెండు మొనల పద్ధతి నేటికీ పోలేదు. ఇప్పటి లేతులోనూ ఎడమ వైపు హెడ్ స్టాకులో ఒక ‘సెంటరు’, కుడి వైపు టెయిల్ స్టాకులో ఒక ‘సెంటరు’ ఉంటాయి. జాబ్ రెండు కొసలకూ చిన్న గుంటలు వేసి వాటి మధ్య నిలబెడతారు.

తరువాత యూరపులో మధ్యయుగాల నాటికి తాడు ఒక కొసను పైన వంగే కర్రకు, మరొక కొసను కింద కాలి పలకకు కట్టారు. కాలితో తొక్కితే జాబ్ ముందుకు తిరుగుతుంది, వదిలితే కర్ర లాగి వెనక్కు తిప్పుతుంది. ముందుకు తిరిగినప్పుడే ఉలి కోస్తుంది. మన దేశంలో తాడుతో, విల్లుతో తిప్పే లేతులు అనాదిగా ఉన్నవే. నేటి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలు మన ఇళ్ళలో పిల్లలకు తెలియనివి కావు. అంకుడు కర్రను లేతు మీద తిప్పి, తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీని ఒత్తితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఈ తాడు లేతులో ఒక మంచి గుణమున్నది. దాని బలం మనిషి బలమే. వేలు ఇరుక్కుంటే తాడు లాగేవాడు ఆగిపోతాడు, మిషను కూడా ఆగిపోతుంది. మెత్తని కర్ర, తక్కువ వేగం, ఆపితే ఆగే చేయి. అందువలన పట్టు తప్పినా ముక్క ఎగిరి పక్కన పడటమే గాని ప్రాణాల మీదికి వచ్చే సందర్భాలు తక్కువ.

ఆగని బలం

ఇనుము, ఉక్కు చెక్కవలసి వచ్చేసరికి ఈ సౌలభ్యం పోయింది. ఫ్రాన్సులో జాక్ ద వొకన్సన్ సుమారు 1751లో పూర్తిగా లోహంతో లేతు తయారుచేశాడు. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే (1771–1831) సుమారు 1800 నాటికి మరలు చెక్కే లేతును ఒక స్థితికి తెచ్చాడు. ఈయన పన్నెండేళ్ళ వయసులోనే వూలిచ్ ఆయుధశాలలో పనికి చేరినవాడు. ఈయన లేతులో ఉలిని చేత్తో పట్టుకోనక్కరలేదు. అది ఒక పీఠం మీద బిగించబడి, మర తిప్పితే జరుగుతుంది. చేతికి శ్రమ తగ్గింది, చేయి జాబ్‌కు కొంత దూరమయింది. ఇది మేలే.

కాని అదే కాలంలో ఆవిరి యంత్రం వచ్చింది. కప్పు కింద పొడవాటి షాఫ్టు, దానినుంచి ఒక్కొక్క లేతుకు తోలు బెల్టు. ఇప్పుడు తిప్పేది మనిషి కాదు. తిప్పే బలానికి ‘అయ్యో’ అన్న మాట వినపడదు. చొక్కా చేయి చిక్కుకున్నా, వేలు చిక్కుకున్నా షాఫ్టు తన దారిన తాను తిరుగుతూనే ఉంటుంది.

రెండు సెంటర్ల మధ్య నిలిపిన జాబ్‌ను తిప్పడానికి దాని ఎడమ కొసకు ‘డాగ్’ లేక ‘క్యారియర్’ అనే ఒక ఇనుప పట్టీ తొడుగుతారు. ఒక మర బిగిస్తే అది జాబ్‌ను పట్టుకుంటుంది. దాని తోక ముందు తిరిగే పలకలోని గాడిలో చేరి జాబ్‌ను తిప్పుతుంది. ఈ తోక ఒక పక్కనుంచే నెట్టడం వలన సన్నని జాబ్ కొద్దిగా వంగుతుంది, గుండ్రదనం చెడుతుంది. మాడ్‌స్లే వద్ద పనిచేసిన జోసెఫ్ క్లెమెంట్ దీనికి విరుగుడుగా రెండు పక్కల నుంచి సమానంగా నెట్టే డ్రైవరును తయారుచేశాడు. 1828లో లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ఇందుకు వెండి పతకం ఇచ్చింది. ఛార్లెస్ బాబేజ్ లెక్కల యంత్రం భాగాలు చేసిన పనివాడు కూడా ఈ క్లెమెంటే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. క్లెమెంట్ చింత అంతా గుండ్రదనం గూర్చి. మామూలు డాగ్‌లో మర తల బయటకు పొడుచుకుని ఉంటుంది. తిరిగేటప్పుడు అది కంటికి కనపడదు. టర్నరు వంగి కొలత చూస్తుంటే అదే చొక్కా చేతిని అందుకుంటుంది. ఆ మర తలను లోపలికి దించిన ‘సేఫ్టీ డాగ్’ సామాన్య వాడుకలోకి రావడానికి చాలా కాలం పట్టింది. మర తలను లోపలికి దించడానికి క్లెమెంటంత ప్రతిభ అక్కరలేదు. అది అవసరమని తోచడమే ఆలస్యమయింది.

జిలేబీ చుట్ట లాంటి గాడి

అన్ని జాబ్‌లనూ రెండు మొనల మధ్య పెట్టలేము. పొట్టివి, పళ్ళెం లాంటివి, లోపల రంధ్రం చేయవలసినవి ఒక వైపునుంచే పట్టాలి. పూర్వం ఒక కర్ర మొద్దును తొలిచి అందులో జాబ్‌ను సుత్తితో బిగగొట్టేవారు. గడియారాల పనివారు చిన్న ముక్కలను వేడి లక్కతో అంటించి చెక్కేవారు. పని అయిన తర్వాత మళ్ళీ వేడి చేస్తే ఊడి వస్తుంది. ఏటికొప్పాకలో బొమ్మకు రంగు పూసే లక్క, అక్కడ గడియారపు చక్రాన్ని పట్టి ఉంచింది. ఆ లక్కలో అధిక భాగం మన దేశం నుంచే ఎగుమతి అయ్యేది.

పెద్ద, వంకర జాబ్‌లకు ఫేస్ ప్లేటు. అది గాడులున్న పెద్ద ఇనుప పళ్ళెం. బోల్టులతో జాబ్‌ను దానికి బిగిస్తారు. జాబ్ ఒక పక్కకు బరువుగా ఉంటే ఎదుటి పక్క సరిపడా బరువు కట్టాలి. లేకపోతే మిషను మొత్తం ఊగిపోతుంది. బండిలో బస్తాలన్నీ ఒక పక్కనే వేసినట్లు.

ఆ తరువాత ‘చక్’ వచ్చింది. నాలుగు దవడలు, దేనికది విడిగా జరిగే ఫోర్ జా చక్ ఒక రకం. ఇది ఉడుంపట్టు. చదరపు ముక్కనైనా, వంకర ముక్కనైనా పట్టుకుంటుంది. కాని నడిమధ్యకు తేవడానికి ఓపిక కావాలి. అమెరికాలో సైమన్ ఫెయిర్‌మన్ 1840లో ఒక చక్‌కు పేటెంటు పొందాడు. నేటి త్రీ జా చక్‌కు అటువంటిదే మూలం. చక్ లోపల ఒక పళ్ళెం ఉంటుంది. దాని మీద జిలేబీ చుట్ట లాంటి గాడి. దవడల వీపు మీద ఉన్న పళ్ళు ఆ గాడిలో కూర్చుంటాయి. బయటనుంచి తాళం పెట్టి తిప్పితే పళ్ళెం తిరిగి, మూడు దవడలూ ఒకేసారి ఒకే దూరం జరుగుతాయి. గుండ్రని కడ్డీ ఏదైనా క్షణాలలో నడిమధ్యకు వచ్చి బిగుస్తుంది. ఆయన అల్లుడు ఆస్టిన్ కుష్‌మన్ 1862లో చక్‌లు చేసే కంపెనీయే పెట్టాడు.

ఇక పని వేగం పెరిగింది. వేగంతోపాటు ఒక కొత్త ప్రమాదం వచ్చింది. ఆ తాళం పేరు ‘చక్ కీ’. ఇంగ్లీషు ‘టి’ అక్షరం ఆకారంలో జానెడు పొడవుంటుంది. జాబ్ బిగించి, కీ చక్‌లోనే వదిలి, స్విచ్చి వేస్తే ఆ కీ చక్‌తోపాటు తిరిగి మిషను బెడ్‌కు కొట్టుకుంటుంది, లేదా రాయి విసిరినట్లు ఎగిరి మనిషి ముఖానికి తగులుతుంది. రోజుకు వంద జాబ్‌లు బిగించేవాడు వందసార్లు కీ పెట్టి వందసార్లు తీయాలి. నూట ఒకటవసారి ఎవరో పిలిస్తే తల తిప్పుతాడు. నోటీసులో “కార్మికుని అజాగ్రత్త” అని పడుతుంది.

దీనికి విరుగుడు ఎంత చిన్నదో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. కీ మొనకు ఒక చిన్న స్ప్రింగు. చేత్తో ఒత్తి పట్టుకున్నంతసేపే కీ లోపల ఉంటుంది. చేయి వదలగానే స్ప్రింగు దానిని బయటకు నెట్టివేస్తుంది. మరచిపోవడానికి అవకాశమే ఉండదు. వంద ఉపన్యాసాలు చేయలేని పనిని ఒక స్ప్రింగు చేసింది. అజాగ్రత్త అన్నది మనిషి స్వభావమే కావచ్చు, కాని దానికి మందు ఇనుములోనే ఉన్నది.

చట్టం పలికిన ఒక్క వాక్యం

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. అప్పట్లో అది వందమందికి తక్కువ కాకుండా పనిచేసే చోట్లకే వర్తించేది. స్వాతంత్ర్యానంతరం 1948 ఫ్యాక్టరీ చట్టం 1949 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. మా సెక్షనులో అందరికీ కంఠతా వచ్చిన చట్టమది. అందులో 21వ సెక్షను యంత్రాలకు కంచె వేయడం గూర్చి చెప్పేది. ఆ సెక్షనులో లేతును పేరు పెట్టి చెప్పిన భాగం ఒకటుండేది. లేతు హెడ్ స్టాకు దాటి బయటకు పొడుచుకు వచ్చిన కడ్డీకి గట్టి కంచె ఉండాలి అని.

ఇంత ప్రత్యేకంగా ఎందుకు వ్రాశారని నాకు చాలాకాలం సందేహం. ఒక మేస్త్రిగారు విడమరచి చెప్పారు. హెడ్ స్టాకు మధ్య గొట్టంలా బోలుగా ఉంటుంది. పొడవాటి కడ్డీని ఎడమనుంచి దానిలో దూర్చి, కుడివైపు చక్‌తో పట్టి, ముక్కలు ముక్కలుగా కోసుకుంటారు. మిగిలిన పొడవు ఎడమవైపు గాలిలో వేలాడుతుంటుంది. నెమ్మదిగా తిరిగితే ఏమీ కాదు. వేగం పెరిగితే ఆ కొస ముందు సన్నగా వణుకుతుంది, తర్వాత ఒక్కసారిగా వంగి కొరడాలా తిరుగుతుంది. టర్నరు కుడివైపు ఉంటాడు గనుక అతనికి సాధారణంగా తగలదు. ఆ దారిన టీ గ్లాసులు పట్టుకుని పోయే కుర్రవాడికి తగులుతుంది. అందుకే చట్టం దానిని విడిగా పేర్కొన్నది. పక్కవాడిని కాపాడే వాక్యమది.

22వ సెక్షను, తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించవలసి వస్తే శిక్షణ పొందినవాడు ఒంటికి అతుక్కునే దుస్తులు వేసుకునే చేయాలనేది. 26వ సెక్షను, తిరిగే షాఫ్టు మీది మరలు, బోల్టులు, కీలు పైకి పొడుచుకు రాకుండా దించి గాని కప్పి గాని ఉంచాలనేది. కాని ఇది చట్టం వచ్చిన తర్వాత నెలకొల్పిన యంత్రాలకే. అంతకు ముందునుంచి ఉన్న పాత మిషన్లకు ఆ సెక్షను తగిలేది కాదు. పైగా విద్యుత్తు వాడే చోట పదిమంది ఉంటేనే అది ‘ఫ్యాక్టరీ’ అయ్యేది. ముగ్గురు మనుషులు, రెండు లేతులు ఉన్న రోడ్డు పక్క షెడ్డుకు ఈ సెక్షన్లు సాధారణంగా వర్తించేవి కావు. మన ఊళ్ళలో లేతులు ఎక్కువగా ఉండేది అటువంటి షెడ్లలోనే.

ప్రమాదం జరిగిన తర్వాత 2025 వరకు లెక్క కట్టినది మరొక చట్టం, 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం. దాని షెడ్యూలులో శరీరానికి ధరల పట్టిక ఉండేది. సంపాదనా శక్తి ఎంత పోయిందని లెక్క. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు పూర్తిగా పోతే 14. నడిమివేలు 12. ఉంగరపు వేలు గాని చిటికెన వేలు గాని 7. ఒక చేతి నాలుగు వేళ్ళూ పోతే 50. ఒక కన్ను పోయి రెండవది బాగుంటే 40.

1980వ దశకంలో ఒక ఫైలు నా చేతి మీదుగా నడిచింది. ఇ.ఎస్.ఐ. అమలులో లేని ప్రాంతంలోని ఒక చిన్న ఫ్యాక్టరీ. ఇరవై రెండేళ్ళ టర్నరు. త్రీ జా చక్‌లోనుంచి జాబ్ ఎగిరి కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు తీసుకుపోయింది. విడివిడిగా కూడితే 14, 12 కలిసి 26. కాని షెడ్యూలులో ‘ఒక చేతి రెండు వేళ్ళు’ అన్న పద్దు వేరే ఉన్నది. దానికి ఎదురుగా 20. నేను ఆ రెండు అంకెలనూ చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కొలత సాధనం పట్టుకునేది టర్నరుకు ఆ రెండు వేళ్ళే.

ఆ ఫైలులో కారణం షరా మామూలే. కాని తనిఖీకి వెళ్ళిన అధికారి చేతివ్రాతతో ఒక పంక్తి అదనంగా వ్రాశారు. చక్ దవడలు ముందు భాగంలో అరిగిపోయి గంట మూతిలా విచ్చుకున్నాయి, జాబ్ వెనుక భాగం మాత్రమే పట్టులో ఉన్నది, మార్చమని టర్నర్లు అంతకుముందే అడిగి ఉన్నారు అని. అరిగిన దవడ ఎంత బిగించినా కొస పట్టుకోదు. చేతికి బిగిసినట్లే తెలుస్తుంది, ఉలి తగలగానే జాబ్ ఊగి బయటపడుతుంది. ఇందులో ఆ కుర్రవాడి అజాగ్రత్త ఎక్కడున్నదో నాకు నేటికీ బోధపడలేదు.

మన దగ్గర తయారైన చక్‌లు

1941లో హరిహర్‌లో మైసూరు కిర్లోస్కర్ నెలకొని దేశీయంగా లేతులు చేసింది. 1943లో సికిందరాబాదులో ప్రాగా టూల్స్ స్థాపించబడింది. లేతు చక్‌లు, డ్రిల్ చక్‌లు చేసిన సంస్థ అది. ‘ప్రాగా చక్’ అంటే మన ప్రాంతపు టర్నర్లకు బాగా తెలిసిన పేరు. 1953లో బెంగుళూరులో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ స్విట్జర్లాండు ఓర్లికాన్ కంపెనీ సహకారంతో ఏర్పడింది. అది మొదట తయారుచేసిన యంత్రం లేతే. తరువాత హైదరాబాదులోనూ దాని శాఖ వచ్చింది. కాలక్రమంలో ప్రాగా కూడా హెచ్.ఎం.టి. గొడుగు కిందికి చేరింది. మన సంఘ సభ్యుల బంధువులలో ఈ సంస్థలలో పనిచేసినవారు తప్పక ఉంటారు. 1950 నుంచి ఐ.టి.ఐ.లలో టర్నరు ట్రేడు నేర్పడం మొదలయ్యాక వేలాదిమంది గ్రామీణ యువకులకు ఈ మిషనే అన్నం పెట్టింది.

మేస్త్రిగారు చెప్పిన సూత్రాలు

మా వీధిలో నలభై ఏళ్ళు లేతు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మేస్త్రిగారొకరున్నారు. “మేస్త్రిగారూ, ఒక్క మాటలో చెప్పండి, జాబ్ ఎట్లా బిగించాలి?” అని అడిగితే ఆయన, “సార్, లేతు దగ్గర మొదటి చుట్టు చేతిది. రెండో చుట్టే కరెంటుది” అన్నారు. అనగా బిగించిన తర్వాత, మెయిన్ ఆపి ఉండగానే, చక్‌ను చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడాలి. దవడ ఉలి పీఠానికి తగులుతుందా, జాబ్ బెడ్‌కు తగులుతుందా, ఊగుతుందా అన్నది ఆ ఒక్క చుట్టులో తెలిసిపోతుంది.

ఆయన చెప్పిన మిగిలినవి కూడా మనవళ్ళ కోసం వ్రాస్తున్నాను. ప్రతిదానికీ కారణముంది.

చక్ నుంచి జాబ్ ఎంత పొడవు బయటకు ఉండవచ్చు? దాని మందానికి మూడు, నాలుగు రెట్లకు మించితే అవతలి కొసకు టెయిల్ స్టాకు సెంటరుతో ఆసరా ఇవ్వాలి. ఇంకా పొడవైతే నడుమ స్టెడీ రెస్టు పెట్టాలి. లేకపోతే ఉలి ఒత్తిడికి జాబ్ వంగి ఉలి మీదికి ఎక్కుతుంది.

దవడలు చక్ ఒంటి నుంచి మరీ బయటకు వచ్చే లావు జాబ్‌ను పట్టకూడదు. లోపల జిలేబీ గాడిలో రెండు, మూడు పళ్ళు మాత్రమే మిగిలి ఉంటాయి. అవి విరిగితే దవడే ఎగురుతుంది. అటువంటి జాబ్‌కు దవడలు తిరగవేయాలి, లేదా పెద్ద చక్ వాడాలి.

కదలని సెంటరు మీద తిరిగే జాబ్ కొసకు గ్రీజు పెట్టాలి. రాపిడికి జాబ్ వేడెక్కి పొడవు పెరుగుతుంది, సెంటరు మరింత బిగుస్తుంది, చివరకు మొన కాలిపోయి పట్టు పోతుంది. అందుకే పని మధ్యలో ఆపి, సెంటరు కొద్దిగా సడలించి మళ్ళీ సరిచేయాలి.

పాత లేతులలో చక్‌ను మరలా తిప్పి ఎక్కిస్తారు. అటువంటి మిషనును హఠాత్తుగా వెనక్కు తిప్పినా, గట్టిగా బ్రేకు వేసినా చక్ తనంతట తానే విప్పుకుని దొర్లి కాళ్ళ మీద పడుతుంది. తరువాత వచ్చిన క్యామ్ లాక్ పద్ధతి దీనికి పరిష్కారం. చక్ ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు బెడ్ మీద చెక్కపలక వేయాలి. చక్ జారినా వేళ్ళు చక్‌కూ బెడ్‌కూ మధ్య నలగకుండా ఆ పలక కాపాడుతుంది.

చేతికి ఉంగరం, గడియారం, గుడ్డ గ్లౌజు, మెడలో తువ్వాలు, వేలాడే చొక్కా చేయి ఇవేవీ లేతు దగ్గరకు రాకూడదు. పొడవు జుట్టు ముడివేసి కప్పుకోవాలి. కంటికి అద్దాలు పెట్టుకోవాలి. చుట్టలు చుట్టలుగా వచ్చే ఇనుప పొట్టును చేత్తో లాగకూడదు, కొక్కెంతో లాగాలి. “వేరేచోట గ్లౌజు చేతిని కాపాడుతుంది సార్, ఇక్కడ గ్లౌజే చేతిని మిషనుకు అప్పగిస్తుంది” అని ఆయన మాట.

నేటి సంగతి

నేడు కంప్యూటరుతో నడిచే లేతులు వచ్చాయి. చక్‌ను నూనె ఒత్తిడి బిగిస్తుంది, కీ అవసరమే లేదు. తలుపు మూస్తేనే మిషను తిరుగుతుంది. కాని ప్రకృతి ధర్మం మారలేదు. చక్ తిరిగే వేగం రెట్టింపయితే దవడలను బయటకు లాగే బలం నాలుగు రెట్లవుతుంది. ఆగి ఉన్నప్పుడు ఉడుంపట్టుగా ఉన్నది వేగంలో సడలుతుంది. అందుకే ప్రతి చక్‌కూ ఇంత వేగం మించరాదని హద్దు ఉంటుంది.

చదువుకున్నవారికి ప్రమాదం రాదనుకోవడం కూడా భ్రమ. 2011 ఏప్రిల్‌లో అమెరికాలో ప్రసిద్ధి చెందిన యేల్ విశ్వవిద్యాలయం వర్క్‌షాపులో రాత్రివేళ ఒంటరిగా పనిచేస్తున్న విద్యార్థిని ఒకరు, జుట్టు లేతులో చిక్కుకుని మరణించారు. మిషను ఆపడానికి పక్కన ఇంకొక మనిషి లేరు. లేతు దగ్గర ఒంటరిగా పనిచేయరాదన్న మేస్త్రిగారి మాటకు ఇంతకంటె బరువైన సాక్ష్యం లేదు.

చట్టం కూడా మారింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి 1948 చట్టం స్థానాన్ని తీసుకున్నది. విద్యుత్తు వాడే చోట ‘ఫ్యాక్టరీ’ అనిపించుకోవడానికి పదిమంది బదులు ఇరవైమంది ఉండాలని కొత్త నిర్వచనం. చిన్న షెడ్డు మాత్రం మునుపటిలాగే ఆ నిర్వచనం బయట ఉన్నది. అక్కడ పనివాడిని కాపాడవలసినది మంచి చక్, స్ప్రింగు ఉన్న కీ, మర తల దించిన డాగ్, వాటిని కొని ఇచ్చే యజమాని, బిగించడం నేర్పే గురువు.

మన సభ్యులలో కొందరి కుమారులు చిన్న వర్క్‌షాపులు నడుపుతున్నారు. మనవళ్ళు ఐ.టి.ఐ.లలో, పాలిటెక్నిక్‌లలో చదువుతున్నారు. వారికి నా మనవి ఒక్కటే. యజమానులైనవారు ఏడాదికొకసారి చక్ దవడలు పరీక్షింపజేయండి. దవడలు మార్చడానికయ్యే ఖర్చు ఎంతయినా, షెడ్యూలులోని అంకెలకంటె అది చవక. నేర్చుకునే పిల్లలు ‘కీ చేతిలో లేనప్పుడు గోడకున్న కొక్కేనికే ఉండాలి’ అన్న అలవాటు మొదటిరోజే చేసుకోండి. ఎప్పుడైనా ప్రమాదపు నోటీసు వ్రాయవలసిన దురదృష్టం పట్టితే, ‘ఎవరు అజాగ్రత్తగా ఉన్నారు?’ అని అడిగే ముందు ‘జాబ్ దేనితో, ఎట్లా బిగించబడి ఉన్నది?’ అని అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబు మరొకరి వేళ్ళను కాపాడుతుంది.

మీ ఇంట ఈ మిషను పట్టిన చేతులుంటే, అవి పది వేళ్ళతో కలకాలం చల్లగా ఉండాలని కోరుకుంటూ సెలవు.